సగం సగం

అనంతగిరి ఎక్కుతుంటే కాఫీ తోటల మలుపులో
సూది ఎర్రగీత దాటింది.
బానెట్ సందుల్లోంచి ఆవిరి,
పాకం మాడుతున్న వాసన.
"టీ కాస్తున్నావా డ్రైవరూ" అంది
వెనక సీట్లో భిలాయ్ ముసలమ్మ.
నాకు నవ్వు రాలేదు.

మొన్ననే పోశాను, పచ్చటి చిక్కటి కూలెంటు
చుక్క నీళ్లు తగలకుండా, డబ్బాలకు డబ్బాలు.
ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లన అనుకున్నాను.
బండికి పండగ చేశాననుకున్నాను.

మర్నాడు గాజువాక ఆటోనగర్,
సన్యాసమ్మ రేడియేటర్ల షెడ్డు.
మూత మీదికి చెయ్యి పోనిచ్చానో లేదో
"తియ్, చెయ్యి!"
తన మోచెయ్యి తిప్పి చూపించింది:
చేప పొలుసులా మెరిసే మచ్చ, అరచెయ్యంత.
"చల్లారనీ. నీకు తొందరైతే
అదిగో ఆ పెట్టె మీద కూకొని తొందరపడు."

గంట కూర్చున్నాను.
నెత్తి మీంచి రెండు విమానాలు దిగాయి.
చొక్కా వీపుకి అతుక్కుంది.

"నీళ్లెంత కలిపావు?"
"అసలు కలపలేదు."
"అదేటి బాబూ!
వేడిని మోసీది నీళ్లే.
నీళ్లు కళాసీ, ఇది మేస్త్రీ.
నీళ్లు మరిగి పారిపోకుండా,
లోపల ఇనుం తినీకుండా కాపలా కాస్తాది, అంతే.
మేస్త్రీలనే వందమందిని పెట్టీసుకుంటే
ఓడలో సరుకు దిగుతాదేటి?"

మరి వట్టి నీళ్లయితేనో అన్నాను.
మాట్లాడకుండా మూలనున్న పాత రేడియేటర్ ఈడ్చుకొచ్చింది.
కోసి పెట్టిన గొట్టాల్లో తెల్లటి గార,
ఉప్పు పేరుకున్న కుండ అడుగులాగా.
"పెదగంట్యాడ బోరు నీళ్లు. మూడేళ్లు పోసాడు మారాజు.
బయటున్న సముద్రం చాల్దన్నట్టు
లోపలికి కూడా పిలిచీసాడు."

రెండు సీసాలు తెచ్చింది, ఒకే కొలతవి.
ఒకదాంట్లో బ్యాటరీ నీళ్లు, ఒకదాంట్లో పచ్చది.
గోరుతో గీత పెట్టి, కంటి ఎత్తుకు లేపి చూసి
బకెట్‌లో కలిపింది, చల్ల కలిపినట్టు.
"సగం సగం. లంబసింగి మంచులోకి ఎల్లేవోడికీ ఇదే,
లంకెలపాలెం ఎండలో ఆగిపోయేవోడికీ ఇదే.
ఎర్రది ఉంటే దీన్లో కలపకు. పాలు ఇరిగినట్టు ఇరిగిపోద్ది."

ముందు చక్రాలు దిమ్మ ఎక్కించి, మూత తెరిచే ఉంచి
ఇంజిను వేయించి, హీటరు పెట్టమంది.
మే నెల. విశాఖపట్నం. హీటరు.
ముఖాన పొయ్యి పెట్టుకున్నట్టు కూర్చున్నాను లోపల.
బయట ఆమె రేడియేటర్ నోట్లోకి వంగి
బుడగలు లెక్కపెడుతోంది.
ఒకటి పైకొచ్చి పగిలితే కాస్త పోస్తుంది,
ఆగుతుంది, ఇంకా కాస్త.
"గాలి దాక్కుంటాది బాబూ. ఆఖరిది వచ్చీదాకా ఉండాల."

పాతదంతా రేకు పళ్లెంలో పట్టింది, నేల మీద చుక్క పడకుండా.
డబ్బాలో పోసి, మూత బిగించి,
మూత మీద రాయి పెట్టింది.
ఎందుకంత జాగ్రత్త, పారబొయ్యక అన్నాను.
"తియ్యగుంటాది.
మా నల్లోడు నాకీసాడు, గుమ్మంలో ఇంతే ఒలికితే.
రెండు రోజులు."
గోడకి మేకు, మేకుకి బెల్టు, మెడకి కట్టే చిన్నది.
దాని పక్కనే వేలాడుతున్న స్పానరు తీసి
హోసు క్లిప్పు బిగించడంలో పడింది.
నూట ఎనభై తీసుకుంది. వద్దన్నా ఇరవై తిరిగిచ్చింది.

ఆదివారం మళ్లీ ఘాట్.
అదే కాఫీ మలుపు. ఏసీ ఆపి చెవి పెట్టాను.
సూది సగంలో నిలబడింది,
కునుకు తీసే వాచ్‌మన్‌లా, కదలకుండా.

గాలికొండ దగ్గర పాసింజర్లు పొగమంచుకి ఫోటోలు తీస్తున్నారు.
టీ కొట్టు కుక్కపిల్ల ఒకటి
నా బంపర్ కిందికి దూరి ఏదో వాసన చూస్తోంది.
గ్లాసు పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చుని
టార్చి వేసి, అరచెయ్యి నేలకి రాసి చూశాను.

పొడిగానే ఉంది.
అయినా ఇంకోసారి రాశాను.